అతుకులో కాసింత ఫెర్రైట్

స్టెయిన్‌లెస్ స్టీలు కథ చెప్పమంటే చాలామంది 1913లో షెఫీల్డ్ నగరంలో హ్యారీ బ్రియర్లీ దగ్గర మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతున్న ఆయనకు, పన్నెండు శాతం పైచిలుకు క్రోమియం కలిపిన ఉక్కు తుప్పు పట్టడం లేదని తెలిసింది. ఇంచుమించు అవే రోజుల్లో జర్మనీలోని ఎస్సెన్‌లో క్రుప్ కంపెనీవాళ్లు బెన్నో స్ట్రాస్, ఎడ్వర్డ్ మౌరర్ క్రోమియంతోపాటు నికెల్ కూడా కలిపి ఇంకో రకం ఉక్కు తీశారు. మన పాల ట్యాంకులకీ మందుల ఫ్యాక్టరీల్లోని రియాక్టర్లకీ పూర్వీకుడు ఈ రెండోదే. 1924లో షెఫీల్డ్‌లోనే హాట్‌ఫీల్డ్ అనే లోహ శాస్త్రజ్ఞుడు దాన్ని 18 పాళ్లు క్రోమియం, 8 పాళ్లు నికెల్‌గా ఖాయం చేశాడు. "18-8" అన్న పేరు అక్కణ్ణుంచి ప్రపంచమంతా పాకింది.

ఉక్కు దొరికింది. దాన్ని అతకడం మాత్రం ఎవరికీ తెలియదు. రేకుని ఒత్తి గిన్నె చేసుకున్నంతకాలం ఏ చిక్కూ లేదు. రెండు పలకల్ని వెల్డింగ్ చేసి ట్యాంకు కడదామనుకున్నప్పుడు తిప్పలు మొదలయ్యాయి, అవి ఓ కొలిక్కి రావడానికి అరవై ఏళ్లకు పైనే పట్టింది. బ్రియర్లీ కథకన్నా నాకు ఈ కథే ఎక్కువ ఇష్టం. ఇందులో అదృష్టం కలిసొచ్చిన సంఘటనలు తక్కువ. పగిలిన ముక్కల్ని కోసి, నున్నగా పాలిష్ పట్టి, ఆమ్లంలో ముంచి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసిన వందలమంది ఓపిక ఎక్కువ.

మొదటి దెబ్బ 1920లలోనే తగిలింది. నైట్రిక్ ఆమ్లం తయారుచేసే కర్మాగారాలు 18-8 ఉక్కుని కళ్లకద్దుకుని తీసుకున్నాయి. ఆ ఆమ్లానికి తట్టుకునే లోహం అంత చవగ్గా ఇంకోటి లేదు. కొన్నాళ్లకు ట్యాంకులు కారడం మొదలైంది. చిత్రమేమిటంటే వెల్డింగ్ చేసిన గీత బాగానే ఉండేది, దూరంగా ఉన్న పలకా బాగానే ఉండేది. అతుక్కి అటూ ఇటూ కొన్ని మిల్లీమీటర్ల ఎడంలో, ఎవరో గీత గీసినట్టు రెండు పట్టీల్ని మాత్రం ఆమ్లం తినేసేది. పరిశ్రమలో దీనికి "వెల్డ్ డికే" అని పేరుపడింది. ఆ పట్టీలోంచి కోసిన ముక్కని బల్లమీద పడేస్తే ఉక్కు మోగాల్సినట్టు ఖంగుమని మోగేది కాదు, పగిలిన కుండలా చప్పుడు చేసేది. చేత్తో వంచితే రేణువులు రేణువులుగా రాలిపోయేది. సున్నం ఊడిపోయిన గోడలో ఇటుకలు ఎలా విడివిడిగా మిగులుతాయో అలా, లోహపు రేణువులు చెక్కుచెదరకుండా ఉండి, వాటిని పట్టి ఉంచాల్సిన సరిహద్దులు కరిగిపోయాయి.

ఎందుకిలా? క్రుప్ కంపెనీలో స్ట్రాస్ బృందం 1930లోనూ, అమెరికాలో యునైటెడ్ స్టేట్స్ స్టీల్ ప్రయోగశాలలో బెయిన్, అబార్న్, రూథర్‌ఫర్డ్ 1933లోనూ ప్రచురించిన పరిశోధనలు దీని గుట్టు విప్పాయి. దోషి కార్బన్. ఉక్కులో అది ఒక శాతంలో పదో వంతు కూడా ఉండదు. కానీ ఉక్కు సుమారు 450 నుంచి 850 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య కాసేపు నిలిచిందంటే ఆ కార్బన్ రేణువుల సరిహద్దులకు చేరి క్రోమియంతో జతకడుతుంది. ఆరు కార్బన్ పరమాణువులు ఇరవైమూడు క్రోమియం పరమాణువుల్ని లాక్కుంటాయి. బరువులో చూస్తే ఒక పాలు కార్బన్ పదహారు పాళ్లకు పైగా క్రోమియాన్ని మింగుతుందన్నమాట. సరిహద్దు పక్కనున్న సన్నని పొరలో క్రోమియం పన్నెండు శాతం కన్నా తగ్గిపోతే అక్కడ ఉక్కు స్టెయిన్‌లెస్ కాదు, మామూలు ఇనుమే. అతుకు మధ్యభాగం పూర్తిగా కరిగి త్వరగా చల్లారుతుంది, దూరంగా ఉన్న పలక అంత వేడెక్కదు. ఆ ప్రమాదకరమైన వేడిలో ఎక్కువసేపు ఉండేది మధ్యలోని పట్టీయే. గీత గీసినట్టు తినెయ్యడానికి కారణం అదే.

మందు మూడు రకాలుగా దొరికింది. ఒకటి, మొత్తం వస్తువుని 1050 డిగ్రీల దాకా కాల్చి నీళ్లలో ముంచడం. చిన్న కవాటానికి బాగుంటుంది గానీ రెండంతస్తుల ట్యాంకుని ఏ కొలిమిలో పెడతాం? రెండోది, క్రోమియం కన్నా కార్బన్ ఎక్కువ ఇష్టపడే టైటానియమో నియోబియమో కలిపి కార్బన్‌ని ముందే కట్టిపడెయ్యడం. 321, 347 రకాలు అలా వచ్చినవే. టైటానియం వెల్డింగ్ మంటలో చాలావరకు నష్టపోతుంది కాబట్టి 321 పలకను అతికేటప్పుడు కూడా నియోబియం ఉన్న 347 రాడ్డే వాడతారు, ఇప్పటికీ. మూడోది అన్నిటికన్నా సులువుగా కనిపిస్తుంది: అసలు కార్బన్‌నే 0.03 శాతానికి దించెయ్యడం. చెప్పినంత తేలిక కాదు. కరిగిన ఉక్కులోకి ఆక్సిజన్ ఊది కార్బన్‌ని తగలెయ్యబోతే ఖరీదైన క్రోమియం కూడా దాంతోపాటు తగలబడిపోయేది. 1954లో యూనియన్ కార్బైడ్ కంపెనీలో విలియం క్రివ్‌స్కీ ఆక్సిజన్‌లో ఆర్గాన్ కలిపి ఊదితే క్రోమియం నిలిచి కార్బన్ పోతుందని చూశాడు. ఆ పద్ధతి 1968లో అమెరికాలో ఫోర్ట్ వేన్ దగ్గర జాస్లిన్ ఉక్కు కర్మాగారంలో పూర్తి స్థాయిలో పనిలోకి వచ్చాక ఇలా కార్బన్ తగ్గించిన 304ఎల్, 316ఎల్ రకాలు అందరికీ అందుబాటు ధరకు దిగాయి.

ఇదంతా అతుకు పక్కన జరిగిన కథ. అతుకు లోపల ఇంకో కథ నడుస్తోంది. నాకు అసలైన కథ అదే.

స్టెయిన్‌లెస్ రాడ్డుతో గీత వేసి మంటను చటుక్కున ఆపితే చివర్న చిన్న గుంట మిగులుతుంది. ఆ గుంటలో నక్షత్రంలా పగుళ్లు కనిపించేవి. కొన్నిసార్లు గీత నడుమ నిలువునా పగిలేది, అదీ లోహం ఇంకా ఎర్రగా ఉండగానే. మామూలు ఉక్కుకన్నా ఈ ఉక్కు వేడికి ఒకటిన్నర రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది, వేడిని మాత్రం మూడో వంతే బయటికి పోనిస్తుంది. కాబట్టి చల్లారేటప్పుడు అతుకు మీద పడే లాగుడు ఎక్కువ. సరిగ్గా ఆ సమయంలో లోహం లోపల ఇంకా కొంచెం ద్రవం మిగిలి ఉంటుంది. గడ్డకడుతున్న స్ఫటికాలు తమలో ఇమడని గంధకాన్నీ భాస్వరాన్నీ ముందుకు నెట్టుకుంటూ పోతాయి. ఆ రెండూ కలిసిన చివరి ద్రవం చాలా తక్కువ వేడి దాకా గట్టిపడకుండా, రేణువుల మధ్య పల్చటి పొరలా పరుచుకుంటుంది. అటూ ఇటూ లాగుడు పడగానే ఆ పొర దగ్గరే విడిపోతుంది.

విచిత్రం ఏమిటంటే అన్ని రాడ్లూ ఇలా పగలలేదు. 25 శాతం క్రోమియం, 20 శాతం నికెల్ ఉన్న ఖరీదైన రాడ్లు పగిలితే, వాటికన్నా చవకైనవి కొన్ని చక్కగా నిలబడ్డాయి. పగలని అతుకుల్ని కోసి చూస్తే అందులో ఓ "మచ్చ" కనిపించింది. స్వచ్ఛమైన 18-8 ఉక్కు గది వేడిలో ఆస్టెనైట్ అనే స్ఫటిక రూపంలో ఉంటుంది, దాన్ని అయస్కాంతం పట్టదు. ఈ అతుకుల్లో ఆస్టెనైట్ మధ్య అక్కడక్కడా వంకరటింకర తీగల్లా ఫెర్రైట్ అనే ఇంకో రూపం మిగిలి ఉంది. అది అయస్కాంతానికి అంటుకుంటుంది. రేకులు తయారుచేసేవాళ్ల దృష్టిలో ఫెర్రైట్ ఓ దోషం. వేడిమీద రోలింగ్ చేసేటప్పుడు అంచులు చిరగడానికి అదే కారణం కాబట్టి దాన్ని లేకుండా చెయ్యడానికే వాళ్లు నికెల్ పెంచేవాళ్లు. అతుకులో మాత్రం అదే కాపాడుతోంది.

దీని వెనుక లెక్క తర్వాత తేలింది. ఇనుములో చూస్తే, ఫెర్రైట్ తనలో 0.18 శాతం దాకా గంధకాన్ని ఇముడ్చుకోగలదు, ఆస్టెనైట్‌కి 0.05 శాతం మించి చేతకాదు. భాస్వరం విషయంలో తేడా ఇంకా ఎక్కువ. అంటే కరిగిన లోహం ముందు ఫెర్రైట్‌గా గడ్డకట్టడం మొదలుపెడితే చెడ్డ మూలకాలు అందులోనే ఇమిడిపోతాయి, చివరి ద్రవంలోకి పోవు. పైగా ఫెర్రైట్‌కీ ఆస్టెనైట్‌కీ మధ్య సరిహద్దు మెలికలు తిరిగి ఉంటుంది, ద్రవపు పొర దాని మీద సాఫీగా పరుచుకోలేదు. పగులు మొదలైనా పరుగెత్తడానికి దారి దొరకదు. చల్లారేటప్పుడు ఆ ఫెర్రైట్‌లో ఎక్కువ భాగం ఆస్టెనైట్‌గా మారిపోతుంది. మనకు కనిపించే కొద్దిపాటి తీగలు ఆ మొదటి ఫెర్రైట్‌లో మిగిలిపోయిన వెన్నెముకలు. కాబట్టి ఎంత మిగిలిందన్నది ఓ గుర్తు మాత్రమే. లోహం ఏ రూపంలో గడ్డకట్టడం మొదలుపెట్టిందన్నదే అసలు విషయం. 1970ల చివర్లో ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో సూతాల, తకాలో, మోయిసియో ఈ సంగతిని వరస ప్రయోగాలతో బల్లగుద్ది చూపించారు.

వాళ్లకన్నా ముప్ఫై ఏళ్ల ముందే, కారణం పూర్తిగా తెలియకుండానే, వెల్డర్ చేతికి పనికొచ్చే సాధనాన్ని ఆంటన్ షెఫ్లర్ ఇచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో టాంకుల కవచాలను అతకడానికి స్టెయిన్‌లెస్ రాడ్లు విపరీతంగా వాడారు. క్రోమియం, నికెల్ కొరతతో కొత్త కొత్త పాళ్లు ప్రయత్నించారు. ఏ పాళ్లకు ఏ నిర్మాణం వస్తుందో ముందే చెప్పగల పటం కావాలి. షెఫ్లర్ ఓ చక్కని ఉపాయం చేశాడు. ఫెర్రైట్ వైపు లాగే మూలకాలన్నిటినీ క్రోమియం లెక్కలోకి మార్చాడు: మాలిబ్డినం క్రోమియంతో సమానం, సిలికాన్‌కి ఒకటిన్నర రెట్లు, నియోబియానికి సగం. ఆస్టెనైట్ వైపు లాగేవాటిని నికెల్ లెక్కలోకి మార్చాడు: కార్బన్ నికెల్‌కి ముప్ఫై రెట్లు, మాంగనీసు సగం. అడ్డగీత మీద ఒకటి, నిలువుగీత మీద ఒకటి. ఎన్నో అతుకుల్ని కోసి చూసిన ఫలితాలను ఆ పటం మీద పెడితే ఆస్టెనైట్, ఫెర్రైట్, మార్టెన్‌సైట్ అనే మూడో రూపం, వీటి ప్రాంతాలు విడివిడిగా తేలాయి. 1949 నవంబరులో "మెటల్ ప్రోగ్రెస్" పత్రికలో ఆ పటం అచ్చయింది చాలా చిన్న వ్యాసంగా. ఒక్క కాగితం మీద ఇంత పని జరిగిన సందర్భాలు లోహశాస్త్రంలో అరుదని నా అభిప్రాయం.

దాని విలువ ఒక్క ఉదాహరణలో తెలుస్తుంది. మామూలు ఇనుప ఫ్రేముకి స్టెయిన్‌లెస్ ట్యాంకుని అతకాలి. పలక 304, అంటే 18-8 రకం, కాబట్టి దానికి వాడే 308 రాడ్డే తీసుకుందామనిపిస్తుంది. కరిగేటప్పుడు ఇనుము వైపు నుంచి కొంత లోహం అతుకులో కలుస్తుంది, క్రోమియం, నికెల్ పలచబడతాయి. పటం మీద చుక్క కిందికి జారి మార్టెన్‌సైట్ ప్రాంతంలోకి పోతుంది. అది పెళుసు, అతుకు పగులుతుంది. అదే 24 శాతం దాకా క్రోమియం, 13 శాతం దాకా నికెల్ ఉన్న 309 రాడ్డు తీసుకుంటే ఇనుము కలిసినా చుక్క ఆస్టెనైట్‌తోపాటు కొద్దిపాటి ఫెర్రైట్ ఉన్న చోటే ఆగుతుంది. ఈ రోజు ఏ ఫ్యాబ్రికేషన్ షాపులో అడిగినా "ఎంఎస్‌కి ఎస్ఎస్ కలపాలంటే త్రీనాట్‌నైన్" అని తడుముకోకుండా చెబుతారు. వాళ్లలో చాలామందికి షెఫ్లర్ పేరు తెలియకపోవచ్చు, ఆయన పటం మాత్రం వాళ్ల నోట్లో ఉంది.

1956లో డిలాంగ్, ఆయన సహచరులు ఆ పటంలో నత్రజనిని చేర్చారు. షెఫ్లర్ దాన్ని విడిగా లెక్కలోకి తీసుకోలేదు. కార్బన్‌లాగే నత్రజనికీ నికెల్ కన్నా ముప్ఫై రెట్ల బలం ఇచ్చారు. అతుకులోకి గాలి దూరితే ఫెర్రైట్ ఎందుకు మాయమవుతుందో దాంతో అర్థమైంది. 1992లో కొటెకీ, సీవర్ట్ తయారుచేసిన పటమే ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉంది.

పటం ఉంటే సరిపోదు, కొలత కావాలి. ఇక్కడ పెద్ద గొడవే జరిగింది. ఒకే అతుకుని నాలుగు ప్రయోగశాలలకు పంపితే నాలుగు వేర్వేరు శాతాలు వచ్చేవి. అంత సన్నని తీగల్ని సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టడం మనిషి మనిషికీ మారిపోయేది. చివరికి శాతం అనే మాటనే వదిలేశారు. అయస్కాంతం ఎంత గట్టిగా పట్టుకుందన్నదాన్నే ఓ సంఖ్యగా ఒప్పుకున్నారు, దానికి "ఫెర్రైట్ నంబర్" అని పేరు పెట్టారు. వాడే పరికరం సాదాసీదాది. సన్నని స్ప్రింగుకి వేలాడే చిన్న అయస్కాంతపు కడ్డీని అతుకు మీద ఆనిస్తారు. డయల్‌ని నెమ్మదిగా తిప్పుతుంటే స్ప్రింగు బిగుసుకుంటుంది. ఓ క్షణాన కడ్డీ టక్కున ఎగిరి విడిపోతుంది. డయల్ మీద అప్పుడున్న అంకెని, ప్రామాణిక పలకల మీద ముందే తీసిన అంకెలతో పోల్చి నంబర్ చెబుతారు. హైదరాబాదులో జీడిమెట్లలోనో బాలానగర్‌లోనో మందుల కంపెనీ కోసం 316ఎల్ రియాక్టర్ తయారవుతుంటే, దారానికి కట్టిన చిన్న అయస్కాంతాన్ని తీసుకెళ్లి చూడండి. పలక దగ్గర కదలకుండా నిలువుగా వేలాడుతుంది. వెల్డింగ్ గీత దగ్గరికి తేగానే కాస్త అటు ఒరుగుతుంది. ఆ ఒరగడమే అతుకు పగలకుండా కాసిన ఫెర్రైట్.

ఎంత ఉండాలి? ఫెర్రైట్ నంబర్ మూడు కన్నా తగ్గితే పగుళ్ల భయం. ఎక్కువైతే ఇంకో జబ్బు. 550 డిగ్రీలు దాటిన వేడిలో ఏళ్ల తరబడి ఉంటే ఫెర్రైట్ నెమ్మదిగా సిగ్మా అనే పెళుసు పదార్థంగా మారుతుంది. కల్పాక్కంలో ప్రోటోటైప్ ఫాస్ట్ బ్రీడర్ అణు రియాక్టర్ కట్టినప్పుడు ఈ ఇరకాటం ఎదురైంది. దాదాపు 13 మీటర్ల వ్యాసం ఉన్న ప్రధాన పాత్రని 316ఎల్ఎన్ పలకలతో అతికి కట్టారు, అది ద్రవ సోడియాన్ని నలభై ఏళ్లు మొయ్యాలి. అక్కడి శాస్త్రవేత్తలు వెల్డింగ్ రాడ్లకు ఫెర్రైట్ నంబర్ 3 నుంచి 7 మధ్యే ఉండాలని గిరి గీశారు. కార్బన్‌నీ నత్రజనినీ కూడా సన్నని పరిధిలో బిగించారు.

నత్రజని ఇక్కడ ఎందుకొచ్చిందంటే, దాని వెనుక ఇంకో దెబ్బ ఉంది. 1974లో అమెరికాలో ఇల్లినాయ్‌లోని డ్రెస్డెన్ అణు విద్యుత్ కేంద్రంలో 304 ఉక్కు గొట్టాలు అతుకుల పక్కన పగిలాయి. 1975 మొదట్లో అక్కడి నియంత్రణ సంస్థ అలాంటి రియాక్టర్లు 23 ఆపి తనిఖీ చెయ్యమంది. నలభై ఏళ్లకింద తేల్చిన పాత కార్బన్ జబ్బే, వేడి నీళ్లలో, అతుకు మిగిల్చిన లాగుడుతో కలిసి తిరిగొచ్చింది. కార్బన్ తగ్గించాలన్నది తెలిసిన మందే, అయితే కార్బన్ పోతే బలమూ పోతుంది. 304కి సాగుడు మొదలయ్యే హద్దు కనీసం 205 మెగాపాస్కల్స్ ఉండాలి, 304ఎల్‌కి 170 చాలు. ఆ తగ్గిన బలాన్ని కాస్త నత్రజని చేర్చి తిరిగి 205కి తెచ్చారు. 304ఎల్ఎన్, 316ఎల్ఎన్ అలా నిలబడ్డాయి. సగం ఫెర్రైట్, సగం ఆస్టెనైట్‌గా ఉండే డూప్లెక్స్ ఉక్కుల్నీ నత్రజనే ఆదుకుంది. వాటి తొలి రకాల్లో అతుకు పక్కన అంతా ఫెర్రైటే మిగిలి పెళుసెక్కేది. 1970లలో నత్రజని కలిపాక ఆస్టెనైట్ త్వరగా తిరిగి రావడం మొదలైంది.

గంధకం సంగతి ఇంకా ఆశ్చర్యం. పగుళ్లకు మూలకారణం అదే కదా, ఆర్గాన్ పద్ధతి వచ్చాక ఉక్కు కంపెనీలు దాన్ని అతి తక్కువకు దించేశాయి. దించగానే యంత్రాలతో టిగ్ (టంగ్‌స్టన్ కడ్డీ) వెల్డింగ్ చేసేవాళ్లు గగ్గోలు పెట్టారు. అదే కరెంటు, అదే వేగం, అదే 316ఎల్. ఒక కొలిమి సరుకు లోపలి దాకా కరుగుతోంది, ఇంకోటి పైపైన పళ్లెంలా పరుచుకుని అడుగు అంటుకోవడం లేదు. 1982లో కొలరాడోలోని రాకీ ఫ్లాట్స్ కేంద్రంలో హైపిల్, రోపర్ కారణం చూపించారు. గంధకం లేని కరిగిన ఉక్కులో ఉపరితలం మీది లాగుడు మధ్య నుంచి అంచులకు ఉంటుంది, వేడి లోహం పక్కలకు పారుతుంది. ఓ పది లక్షల పాళ్లలో యాభై, వంద పాళ్ల గంధకం ఉంటే ఆ ప్రవాహం దిక్కు మారి అంచుల నుంచి మధ్యకి, మధ్య నుంచి కిందికి దిగుతుంది. అందుకే మందుల కంపెనీలు కొనే 316ఎల్ గొట్టాల ప్రమాణంలో గంధకం 0.017 శాతం మించకూడదన్న పైహద్దుతోపాటు 0.005 కన్నా తగ్గకూడదన్న కింది హద్దు కూడా ఉంది. హైదరాబాదు చుట్టూ ఉన్న మందుల ప్లాంట్లలో గొట్టాలకు మనిషి చెయ్యి తగలకుండా యంత్రం వేసే అతుకులు ఆ కింది హద్దుని నమ్ముకునే అడుగు దాకా దిగుతున్నాయి.

కీవ్‌లోని పాటన్ సంస్థ 1960లలోనే అతుకు చోట సన్నని పొడి పూసి టిగ్ వెల్డింగ్ చేసే పద్ధతి మొదలుపెట్టింది. పొడిలోని ఆక్సైడ్ల నుంచి వచ్చే ఆక్సిజన్ గంధకం చేసే పనే చేస్తుంది. కల్పాక్కంలో దీనికి సొంత పొడులు తయారుచేసుకున్నారు. రెండు మూడు మిల్లీమీటర్లే దిగే చోట పది మిల్లీమీటర్ల పలకను ఒక్క గీతతో అతకగలిగారు. గీతలు తగ్గితే మళ్లీ మళ్లీ వేడెక్కడం తగ్గుతుంది, అతుకు పక్కన వంకర్లూ తగ్గుతాయి.

ఇక లేజర్ వచ్చాక షెఫ్లర్ పటమే తడబడింది. లేజర్ అతుకు క్షణంలో వెయ్యో వంతుల్లో గడ్డకడుతుంది. పటం ప్రకారం ముందు ఫెర్రైట్‌గా గడ్డకట్టాల్సిన లోహం, అంత వేగంలో నేరుగా ఆస్టెనైట్‌గా గడ్డకట్టి పగులుతోందని 1980లలో ఓక్‌రిడ్జ్ ప్రయోగశాలలో డేవిడ్, విటెక్ బృందం గమనించింది. మామూలు వెల్డింగ్‌లో క్రోమియం లెక్కని నికెల్ లెక్కతో భాగిస్తే 1.5 వస్తే చాలనుకునేవారు. క్షణక్షణం ఆగి వెలిగే లేజర్‌కి అది 1.7 దాకా ఉండాలని తేలింది. చిన్న చిన్న భాగాలను లేజర్‌తో మూసేవాళ్లు ఇప్పుడు 304ఎల్ కొనేటప్పుడు క్రోమియం కాస్త ఎక్కువ, నికెల్ కాస్త తక్కువ ఉన్న సరుకుని ఏరి తీసుకుంటున్నారు.